టీ కప్పులో కన్నీళ్ళు పడుతున్నాయని విసుక్కున్న కుర్రాడు

ప్రశ్న: మేం ఏడుగురు స్నేహితులం నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో కలిసి ఒక నవల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఎమిలీ బ్రాంటీ ‘వుదరింగ్ హైట్స్’. అందులో మాకు అస్సలు నచ్చని పాత్ర ఏదో, ఎందుకు నచ్చలేదో ఒక్కొక్కరం చెప్పాలి. నాకు అప్పుడే టెన్షన్ మొదలైంది. హీత్‌క్లిఫ్ అందామంటే, వాడు లేని పేజీలు నాకే చప్పగా అనిపించాయి. కేథరిన్ అంటే, ‘ఆడపిల్ల కాస్త పొగరుగా ఉంటే నీకు గిట్టదు’ అంటుంది మా వదిన, ఆవిడ కూడా మా గుంపులోనే ఉంది. నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండింది హీత్‌క్లిఫ్ కొడుకు లింటన్ మీద. కానీ వాడు రోగిష్టి పిల్లాడు, తండ్రి చేతిలో నానా హింసా పడి చిన్న వయసులోనే పోయాడు. అలాంటివాణ్ణి నచ్చలేదంటే నాకే ఏదోలా ఉంది. ఎలా తేల్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: లింటన్ పేరే చెప్పండి. మొహమాటం అక్కర్లేదు. ఎందుకో చెప్పే ముందు, ఈ నవల చదవని పాఠకుల కోసం కథ కొంచెం చెప్పనివ్వండి. చదివినవారు ఒక పేరా దాటేయొచ్చు.

పద్దెనిమిదో శతాబ్దం చివరి రోజులు. ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లో, గాలికి చెట్లు కూడా ఒక పక్కకి వాలిపోయి పెరిగే బీడు కొండలు. పైన వుదరింగ్ హైట్స్ అనే ఇల్లు, కింద లోయలో థ్రష్‌క్రాస్ గ్రేంజ్ అనే ఇంకా పెద్ద ఇల్లు. పై ఇంటి యజమాని ఎర్న్‌షా లివర్‌పూల్ వెళ్ళి, అక్కడ వీధిలో దిక్కులేకుండా ఉన్న ఒక పిల్లాణ్ణి వెంట తెచ్చుకుంటాడు. వాడే హీత్‌క్లిఫ్. ఎర్న్‌షా కూతురు కేథరిన్‌కి వాడంటే ప్రాణం, కొడుకు హిండ్లీకి కడుపుమంట. తండ్రి పోయాక హిండ్లీ వాణ్ణి పాలేరుగా మార్చేస్తాడు. కేథరిన్ కింది ఇంటి ఎడ్గార్ లింటన్‌ని పెళ్ళాడటానికి ఒప్పుకుంటుంది. హీత్‌క్లిఫ్ మాయమైపోయి, మూడేళ్ళ తర్వాత డబ్బుతో తిరిగొస్తాడు. అక్కణ్ణించి కథంతా పగ. జూదంలో మునిగిన హిండ్లీ ఇల్లూ భూమీ తాకట్టు పట్టి సొంతం చేసుకుంటాడు. ఎడ్గార్ చెల్లెలు ఇసబెల్లాని లేవదీసుకుపోయి, పెళ్ళాడి, నరకం చూపిస్తాడు. ఆమె పారిపోయాక పుట్టినవాడే మీ లింటన్. తల్లి పోగానే తండ్రి చేతికి చిక్కుతాడు. ఎడ్గార్, కేథరిన్‌ల కూతురిది కూడా తల్లి పేరే, మనం కేథీ అందాం. కేథీని లింటన్‌కి కట్టబెడితే గ్రేంజ్ కూడా తన గుప్పిట్లోకి వస్తుందని హీత్‌క్లిఫ్ లెక్క.

ఈ కథ మనకి చెప్పేది నెల్లీ డీన్ అనే పనిమనిషి. ఆమె చెప్తుంటే విని రాసుకునేది లాక్‌వుడ్ అనే అద్దెకొచ్చిన పెద్దమనిషి. ఇది గుర్తుంచుకోండి, దీంతో పనుంది.

ఏడుగురూ ఏడు పేర్లు చెప్తే ఎలా అని కంగారు పడకండి. ఈ నవల విషయంలో సొంత అక్కాచెల్లెళ్ళకే కుదరలేదు. 1847లో ఎలిస్ బెల్ అనే మారుపేరుతో పుస్తకం వచ్చింది, మరుసటి ఏడాది డిసెంబరులోనే ఎమిలీ పోయింది. 1850లో కొత్త ముద్రణకి ముందుమాట రాస్తూ అక్క షార్లెట్, హీత్‌క్లిఫ్ లాంటివాణ్ణి సృష్టించడం మంచిదేనా అంటే తనకి అలా అనిపించడం లేదని రాసేసింది. చెల్లెలి పుస్తకం తరఫున వకాల్తా పుచ్చుకున్న మనిషే ఆ మాట అంది. దయకీ, విశ్వాసానికీ నమూనా కావాలంటే నెల్లీని చూడండని కూడా రాసింది. నూరేళ్ళు దాటాక, 1958లో, జేమ్స్ హాఫ్లీ అనే విమర్శకుడు ఈ నవలలో అసలు విలన్ ఆ నెల్లీయే అని ఏకంగా ఒక వ్యాసమే రాశాడు. కాబట్టి మీ ఇంట్లో గొడవైతే అదేమీ కొత్త గొడవ కాదు.

ఇక హీత్‌క్లిఫ్ సంగతి. చేసిన పాపాలు లెక్కపెడితే పోటీయే లేదు. ఇసబెల్లాని తీసుకుపోయే రాత్రి ఆమె కుక్కపిల్లని కొక్కేనికి ఉరేస్తాడు. ఆమె మీదికి కత్తి విసురుతాడు. తనని పాలేరు చేసిన హిండ్లీ మీద కసితో, వాడి కొడుకు హేర్టన్‌ని చదువు రాని మొద్దుగా పెంచుతాడు. కేథీని గదిలో పెట్టి తాళం వేస్తాడు. ఇంత చేసినా మీకు వాడు లేని పేజీలు చప్పగా ఉన్నాయంటే, అందులో మీ తప్పేం లేదు. వాడికి కావలసింది ఒక్కటే, అది దొరకదు, దాని కోసం వాడు దేన్నైనా తగలబెడతాడు. అలాంటి మనిషి పేజీలోకి వస్తే కళ్ళు తిప్పుకోలేం. మన గిరీశాన్నే చూడండి. ‘కన్యాశుల్కం’ నాటకమే గానీ నవల కాదు, అయినా చెప్పుకోవచ్చు. పూటకూళ్ళమ్మ డబ్బు తింటాడు, మధురవాణిని ముంచుతాడు, బుచ్చమ్మని లేవదీసుకుపోతాడు. నిజంగా మన ఇంటికొస్తే గుమ్మంలోనే ఆపేస్తాం. పుస్తకంలో మాత్రం వాడు నోరు విప్పితే చాలు, మళ్ళీ మళ్ళీ చదువుతాం, పెళ్ళిళ్ళలో వాడి డైలాగులు చెప్పుకుంటాం. చెడ్డవాడు ఎవడన్న లెక్క వేరు, ఎవడి పక్కన కూర్చోలేమన్న లెక్క వేరు. మీ గుంపు అడిగింది రెండోది. హీత్‌క్లిఫ్ మొదటి లెక్కలో గెలుస్తాడు, రెండోదానిలో పోటీకే రాడు. నేనైతే వాణ్ణి ఆ జాబితాలోంచే తీసేస్తాను.

మీ వదినగారి మాటకి భయపడి కేథరిన్‌ని వదిలేయొద్దు. కేథరిన్ నచ్చకపోవడానికి నవలలోనే బోలెడంత సామగ్రి ఉంది. ఎడ్గార్ ఇంటికొచ్చిన ఒక మధ్యాహ్నం, గదిలోంచి పొమ్మంటే కదలని నెల్లీని చాటుగా గిల్లుతుంది, గిల్లలేదని అబద్ధమాడుతుంది, చెంపమీద కొడుతుంది. ఏడుస్తున్న పసివాడు హేర్టన్‌ని పట్టి కుదిపేస్తుంది, ఆపబోయిన ఎడ్గార్ చెవిమీద ఒకటిస్తుంది. ఇదంతా ఒకే పేజీలో. ఈ పేజీ చూపించి ‘ఈ పిల్ల నాకు నచ్చలేదు’ అంటే అది పొగరు గిట్టకపోవడం కాదు, పక్కవాళ్ళని కొట్టడం గిట్టకపోవడం. ‘నీకు నచ్చనివాళ్ళని బట్టి నువ్వేంటో చెప్పేస్తాం’ అనే ఈ సరదా శాస్త్రం మీద నాకు పెద్దగా గౌరవం లేదు. పుస్తకం చేతిలో ఉండగా మనిషిని పరీక్షించడం ఎందుకు? ఏ పేజీ చదివి అలా అనిపించిందో అడిగితే సరిపోతుంది. అయితే నా ఓటు కేథరిన్‌కి కాదు. ఆమె చేసేదంతా వేడిలో చేస్తుంది, దాని ఫలితం తానే ఎక్కువ అనుభవిస్తుంది.

నెల్లీ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మీ స్నేహితుల్లో బాగా చదివే ఒకరు ఈ పేరు తెస్తారు, చూడండి. తొమ్మిదో అధ్యాయంలో వంటింట్లో కేథరిన్ తన మనసు విప్పుతుంది. ఇప్పుడు హీత్‌క్లిఫ్‌ని చేసుకుంటే తన స్థాయి పడిపోతుందంటుంది. చీకట్లో బల్లమీద ఉన్న హీత్‌క్లిఫ్ అంతవరకూ విని, లేచి వెళ్ళిపోతాడు. తర్వాత ఆమె అన్నది, తామిద్దరి ఆత్మలూ ఒకటేనన్నది, వాడి చెవిన పడదు. వాడు అక్కడున్నాడనీ, లేచి వెళ్ళాడనీ నెల్లీకి తెలుసు. ఆ క్షణంలో ఒక్క మాట చెప్తే సగం నవల జరిగేది కాదు. ఆమె చెప్పదు. తర్వాత కేథరిన్ మూడు రోజులు గది తలుపు వేసుకుని తిండి మానేస్తే, ఆ సంగతి మొగుడికి చెప్పదు, నాటకమాడుతోందనుకుంటుంది. అంతకు ముందెప్పుడో, లివర్‌పూల్ నుంచి తెచ్చిన ఆ పసివాణ్ణి మొదటి రాత్రి మెట్లమీద వదిలేసింది కూడా ఈవిడే, పొద్దుటికి ఎటైనా పోతాడని ఆశపడి.

ఇంత ఉన్నా నేను నెల్లీని ఎంచుకోను. ఇవన్నీ మనకి ఎలా తెలిశాయి? ఆవిడే చెప్పింది. తన గురించి ఇన్ని తప్పులు తానే బయటపెట్టుకునే మనిషి మీద కోపం ఎక్కువసేపు నిలవదు. పైగా ఆవిడది జీతానికి చేసే పని. ఇంట్లో నాలుగు చావులు చూసింది, పిల్లల్ని పెంచింది, ఎవరికి ఏది చెప్తే ఉద్యోగం ఊడుతుందోనన్న లెక్క కూడా ఉంటుంది. కానీ ఆవిడ నుంచి మీరు నేర్చుకోవలసింది ఒకటుంది. మీకు ఎవరు నచ్చలేదో తేల్చే ముందు, ఆ నచ్చకపోవడం మీదా, నెల్లీ మీకు అంటించిందా అన్నది చూసుకోవాలి. ఆవిడకి లింటన్ అంటే మొదటి రోజు నుంచీ పడదు. వాణ్ణి గురించి ఆవిడ వాడిన విశేషణాలన్నీ ఒక పెన్సిల్‌తో కొట్టేయండి. కేథీని హీత్‌క్లిఫ్ చెంపలు వాయించినప్పుడు లింటన్ మూల కూర్చుని, దెబ్బలు తనకి తగల్లేదని లోపల సంతోషించి ఉంటాడంటుంది నెల్లీ. ‘ఉంటాడు’ అన్నది ఆవిడ ఊహ. అదీ కొట్టేయండి. వాడు తన నోటితో అన్నవీ, తన చేత్తో చేసినవీ మాత్రమే ఉంచుకోండి. అప్పటికీ ఒళ్ళు మండితే అది మీ మంటే.

లాక్‌వుడ్ గురించి కూడా ఒక మాట. అతన్ని ఎవరూ తలుచుకోరు, గానీ నా రెండో ఓటు అతనికే. కలలో కిటికీ అవతల నుంచి ఒక పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి రానివ్వమని ఏడిస్తే, ఆ మణికట్టుని పగిలిన గాజు మీదికి లాగి, రక్తం కారి పక్క తడిసేదాకా రుద్దుతాడు. కలే అనుకోండి. మెలకువగా ఉన్నప్పుడు చేసినదీ ఉంది. సముద్రం ఒడ్డున ఒకమ్మాయిని చూపులతో కవ్వించి, ఆమె తిరిగి చూడగానే నత్తలా ముడుచుకుపోయి, ఆ పిల్ల తలవంచుకుని తల్లితో సహా ఊరు విడిచి వెళ్ళేలా చేస్తాడు. ఇంత పెద్దమనిషి తరహాలో చెప్పుకుంటాడు గనక మనం దాటేస్తాం. ఇక వుదరింగ్ హైట్స్‌లో ముసలి నౌకరు జోసెఫ్ ఉన్నాడు. బైబిల్లో వరాలన్నీ తనకీ, శాపాలన్నీ ఇరుగుపొరుగుకీ పంచే భక్తుడు. భరించలేం, కానీ నవ్వొస్తుంది. నవ్వొచ్చినచోట అసహ్యం సగం పోతుంది.

ఇప్పుడు లింటన్. ఇరవై ఏడో అధ్యాయం. కేథీ తండ్రి ఎడ్గార్ మంచం మీద ఉన్నాడు, ఏ రోజు పోతాడో తెలియదు. అలాంటి సమయంలో కేథీ, నెల్లీతో కలిసి కొండమీద లింటన్‌ని చూడటానికి వస్తుంది. వాడు వణికిపోతూ, నువ్వు వదిలిపోతే నన్ను చంపేస్తారని కాళ్ళమీద పడి, ఆమెని ఇంట్లోకి రప్పిస్తాడు. లోపలికి రాగానే హీత్‌క్లిఫ్ తాళం వేస్తాడు. తాళంచెవి కోసం కేథీ వాడి చేతిని కొరుకుతుంది, దెబ్బలు తింటుంది. తర్వాత హీత్‌క్లిఫ్ టీ పోసి, గుర్రాల్ని చూడటానికి బయటికెళ్తాడు. ఇదంతా ఏమిటో చెప్పమని కేథీ ఏడుస్తూ అడుగుతుంది. లింటన్ ముందు టీ ఇమ్మంటాడు, దాహంగా ఉంది, తాగాక చెప్తానంటాడు. కేథీ వంగి ఇస్తుంటే, నీ కన్నీళ్ళు నా కప్పులో పడుతున్నాయి, ఇది నేను తాగను, ఇంకోటి ఇవ్వు అంటాడు. ఆమె కళ్ళు తుడుచుకుని ఇంకో కప్పు అందిస్తుంది. అప్పుడు తీరిగ్గా చెప్తాడు, రేపు పొద్దున మన పెళ్ళి, ఈ రాత్రికి నువ్వు ఇక్కడే ఉండాలి అని.

హత్య లేదు, కత్తి లేదు. నాకు మాత్రం ఈ నవల మొత్తంలో పుస్తకం మూసి పక్కన పెట్టాలనిపించింది ఇక్కడే. ఆసుపత్రిలో ఉన్న మనిషిని పలకరించడానికొచ్చి, కాఫీలో పంచదార తక్కువైందనే చుట్టాన్ని చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కొండమీద వాడు పడ్డ భయం నిజమే, ఆ భయంలో కేథీని మోసం చేశాడంటే క్షమించొచ్చు. మీరూ నేనూ అయినా ఆ వయసులో, ఆ తండ్రి చేతిలో, అదే చేసేవాళ్ళమేమో. కానీ టీ తాగేటప్పుడు తండ్రి గదిలో లేడు. వాడికి భయం తీరిపోయింది. భయం తీరిన మనిషి మొదటగా చేసిన పని కప్పు మార్చమనడం. ఎవరు నచ్చలేదో తేల్చడానికి నేను వాడే కొలత ఇదొక్కటే. బెదిరింపు, అవసరం, కోపం ఏమీ లేని నిమిషంలో ఆ మనిషి పక్కవాళ్ళతో ఎలా ఉన్నాడు? ఈ కొలతతో చూస్తే హీత్‌క్లిఫ్‌కి అలాంటి ఖాళీ నిమిషమే లేదు, వాడెప్పుడూ మండుతూనే ఉంటాడు. లింటన్‌కి అది దొరికింది, అందులో ఏం చేశాడో చూశాం.

తర్వాతి అధ్యాయం ఇంకా ఘోరం. కేథీ పైన గదిలో బందీ. లింటన్ కింద బల్లమీద పడుకుని పంచదార కడ్డీ చప్పరిస్తున్నాడు. గ్రేంజ్ అంతా నాదే, నాన్న చెప్పాడు, ఆమె పుస్తకాలు నావి, పిట్టలు నావి, గుర్రం నాది అంటాడు. నన్ను వదిలేస్తే అవన్నీ ఇస్తానంది, ఇవ్వడానికి నీ దగ్గరేముంది, అన్నీ నావేగా అన్నానని గొప్పగా చెప్పుకుంటాడు. ఇది పిల్లాడి పేచీ అనుకుంటే పొరపాటు. అప్పటి ఇంగ్లండ్ చట్టం ప్రకారం పెళ్ళయిన మరుక్షణం భార్య డబ్బూ సామానూ భర్తవైపోతాయి. ఆ చట్టం కాస్త కదిలింది 1870లో, పూర్తిగా మారింది 1882లో. నవల రాసేనాటికి ఎమిలీకి తెలిసిన లోకం ఇదే. బల్లమీద పడుకుని కడ్డీ చప్పరించే కుర్రాడి నోట చట్టం మొత్తం పలికించింది. హీత్‌క్లిఫ్ నోట పలికిస్తే అది దుర్మార్గం అనుకుని ఊరుకునేవాళ్ళం.

కేథీ మెడలో చిన్న పతకం, లోపల అమ్మానాన్నల బొమ్మలు. అవీ నావేనని వాడు లాక్కోబోతాడు. ఆమె తోసేస్తుంది. వాడు కేకపెడతాడు, తండ్రి వస్తాడు, ఏమైందో వాడే వివరిస్తాడు. తండ్రి కేథీని కొట్టి పడేసి, ఆమె దాచబోయిన బొమ్మని గొలుసులోంచి పీకి కాలితో నలిపేస్తాడు. కొడుతుంటే నీకు బాగుందా అని నెల్లీ అడిగితే, నేను కళ్ళు మూసుకున్నా, నాన్న కుక్కనో గుర్రాన్నో కొట్టినా మూసుకుంటా, కానీ మొదట సంతోషమే వేసింది, నన్ను తోసింది గనక ఆమెకి అలా కావలసిందే అంటాడు. కన్నతండ్రే వీణ్ణి సరిగ్గా అంచనా కట్టాడు. పళ్ళు పీకి, గోళ్ళు కత్తిరించి ఇస్తే ఎన్ని పిల్లుల్నైనా హింసించగలడు అంటాడు.

ఇక మీ అసలు బాధ, రోగిష్టి పిల్లాణ్ణి ఇలా అనొచ్చా అని. జాలి పడండి, ఎవరూ వద్దనరు. ఎమిలీ కూడా వద్దనలేదు. వాడికి ఆమె ఒక మంచి మధ్యాహ్నం ఇచ్చింది. వేసవి రోజంతా కొండమీద పొదల్లో పడుకుని, తేనెటీగల రొద వింటూ ఉండటమే నాకు స్వర్గం అంటాడు వాడు. చెట్టుకొమ్మ మీద ఊగుతూ చుట్టూ లోకమంతా కదులుతుంటే అది నాకు స్వర్గం అంటుంది కేథీ. వాడికి కావలసింది అంతే, కదలకుండా పడుకోవడం. నీలా మంచిగా, దయగా ఉండగలిగితే ఉండేవాణ్ణే అని కేథీతో ఒకసారి ఒప్పుకుంటాడు కూడా. ఇంకో సంగతి మీరు మీటింగులో దాచకూడదు. చివరికి కేథీ గది తలుపు తెరిచి తప్పించింది లింటనే. మూసినట్టు కనిపించేలా తాళం తిప్పి, తలుపు మాత్రం తెరిచే ఉంచాడు. తండ్రి ఏం చేస్తాడో తెలిసే చేశాడు, దాని ఫలితం అనుభవించాడు, ఆ తర్వాత రాత్రిళ్ళు నిద్రలో గంటలకొద్దీ అరిచేవాడు. ఇవన్నీ తెలిసి కూడా నాకు ఆ టీ కప్పు మింగుడు పడదు. జాలి వాడి బతుకు మీద, చిరాకు వాడి నడత మీద. రెండూ కలిపి ఒకదానిలో ఇంకోటి తీసేసి మిగిలింది చెప్పమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. పైగా బాధపడినవాళ్ళంతా మంచివాళ్ళై తీరాలన్న నియమం పెట్టుకుంటే, నిజ జీవితంలో ఎంతమందిని మనం దగ్గరికి రానిస్తాం?

మీటింగు రోజు చేయాల్సింది చిన్నదే. లింటన్ గుణగణాలు చెప్పడం మొదలుపెట్టకండి, రెండో వాక్యానికే మీ వదినగారు అడ్డొస్తారు. ఇరవై ఏడో అధ్యాయంలో ఆ టీ దగ్గరి అరపేజీ పైకి చదవండి, ఆగండి. తర్వాత వాడు తలుపు తెరిచిన సంగతి మీరే చెప్పేయండి. ఇంకొకరు చెప్తే మీ వాదన సగం పడిపోతుంది, మీరు చెప్తే నిలుస్తుంది. ఎవరైనా నెల్లీ అంటే తొమ్మిదో అధ్యాయం తీయమనండి, హీత్‌క్లిఫ్ అంటే వాడు లేకుండా ఏ యాభై పేజీలు హాయిగా చదివారో అడగండి. ఎడ్గార్ అనేవారు ఎవరైనా ఉంటే, అతను మెతకవాడు కాబట్టి నచ్చలేదో, ఇంకేదైనా పేజీ చూపించగలరో తేల్చమనండి. నాకైతే ఆ పేజీ దొరకలేదు. చేతులెత్తి ఓట్లు వేసేది మాత్రం ఏడుగురూ మాట్లాడాకే పెట్టుకోండి. ముందే పెడితే ఆరుగురు హీత్‌క్లిఫ్ అంటారు, అరగంటలో మీటింగు ముగిసిపోతుంది.